ఆరో వస్తువు

చిరంజీవి డాక్టరమ్మకు, అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అనడానికి ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. వేళకు తింటున్నాను. నీ ఉత్తరంలో అక్షరదోషాలు మూడున్నాయి. ఏడుస్తూ రాశావని వదిలేస్తున్నాను.

ఆ రోజు వివరం అడిగావు. ఉదయం ఏడింటికి తాతయ్య తోటలో పురుగుమందు కొట్టడం మొదలుపెట్టారు. వీపు మీది డబ్బా కారి నడుమంతా తడిసింది. విప్పెయ్యమంటే, "అదే ఆరిపోతుందిలేవే" అన్నారు. తొమ్మిదిన్నరకు ఒళ్లంతా చెమట, నోటి వెంట చొంగ. పదీ పదికి నీ ఎమర్జెన్సీ వార్డులో ఉన్నాం. ఆవగింజంతయిన కనుపాపలు చూసి పురుగుమందు విషమని నువ్వు పోల్చుకున్నావు. బట్టలన్నీ తీయించి తల నుంచి గోళ్ల దాకా సబ్బుతో కడిగించావు. ఛాతీలో గరగర ఆగేదాకా విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చావు. తేరుకోగానే ఆయన, "మీ అమ్మమ్మ గిన్నెలు కూడా ఇంత బాగా తోమదే!" అన్నారు. ఆ విరుగుడు ఆపాక రెండు రోజులు చూసి మరీ ఇంటికి పంపావు.

రెండో ప్రశ్న, "తొందరపడి పంపేశానా అమ్మమ్మా? ఇక ఆ వార్డు గడప తొక్కను" అని. దీనికి జవాబు పదకొండు రోజులుగా నా దగ్గరే ఉంది.

మొదటి రోజే నర్సు చీటీ రాసింది: చొక్కా, బనియను, ప్యాంటు, లోదుస్తు, చెప్పులు, బెల్టు. "ఆరూ పారేస్తాం పెద్దమ్మా, సంతకం పెట్టండి" అంది. ఆరింటికీ టిక్కు పెట్టి, సంతకం చేసి, బెల్టు నా సంచిలో వేసుకున్నాను. నీ మొదటి జీతంతో కొనిచ్చిన తోలు బెల్టు. సబ్బునీళ్లతో మూడుసార్లు తుడిచి ఎండలో పెట్టాను. మరక లేదు, వాసన లేదు.

ఇంటికి రాగానే ఆయన, "నా బెల్టేదే? పెట్టుకోకపోతే పిల్ల నొచ్చుకుంటుంది" అన్నారు. నేనే తెచ్చిచ్చాను. మూడో రోజు మళ్లీ చెమట, చొంగ. వార్డు చేరేసరికి ఊపిరి లేదు.

నిన్న ఆ బెల్టును రెండు సంచుల్లో మూటకట్టి మీ పెద్ద డాక్టరుగారికి అప్పగించాను. "తోలు పీల్చుకున్న మందు ఎంత కడిగినా పోదమ్మా. ఒంటి చెమటకు మళ్లీ వదులుతుంది. మీ పిల్ల వైద్యంలో లోపం లేదు" అన్నారు. ఆ మాట కాగితం మీద రాయించుకున్నాను. ఇందులో పెట్టాను.

సోమవారం డ్యూటీకి వెళ్లు. ఎవరి బట్టలు విప్పించినా నీ కళ్లతో లెక్కపెట్టు. ఇంటివాళ్ల సంతకం నమ్మకు, ఎంత చదువుకున్న ముసలిదైనా సరే. నన్ను క్షమించాలో లేదో తరువాత తీరిగ్గా తేల్చుకో.

ఇట్లు,
మీ తాతయ్యకు బెల్టు తెచ్చిచ్చిన
మీ అమ్మమ్మ