పక్క తడిసినా ఏమనరు

కార్వాన్, హైదరాబాద్
ఆగస్టు 24, 2025

స్వరూపక్కకు,

నీకు, భిక్షపతి బావకు తమ్ముడు ఎల్లేష్ దండాలు పెట్టి రాస్తున్నడు. ముందుగాల ఇక్కడ అందరం మంచిగున్నమని రాయాలె. ఆ మాట రాయబోతె చెయ్యి ఆడుతలేదు. బర్రెలు మంచిగున్నయి, పాలు ఎప్పటి లెక్కనే పోతున్నయి. మనుషుల సంగతే మంచిగలేదు.

ఫోన్‌ల చెప్దామనే చేసిన. నువ్వు ఎత్తంగనే, జహీరాబాద్‌ల వానలు పడ్తున్నయా అని అడిగి పెట్టేసిన. ఇంకోపారి బావ ఎత్తిండు, బావతోని బర్రెల దాణా ముచ్చట పెట్టిన. నోటికి రాలేదక్కా. అందుకే రాస్తున్న. నాకు ఎట్ల తెల్సిందో గట్లనే వరుసగ రాస్త. ఒక్కపారి మొత్తం చెప్పమంటె నాతోని గాదు.

మన స్వీటీ ఇప్పుడు ఇంట్ల లేదు. సర్కారోళ్లు పిల్లల హోంల పెట్టిర్రు.

నెల మొదట్ల ఒక పొద్దున అఫ్జల్‌గంజ్‌ల చాయ్ హోటళ్లకు పాలు పోస్తున్న. బడి నుంచి ఫోనొచ్చింది, జల్ది రమ్మన్నరు. జ్వరమొచ్చిందేమో అనుకొని క్యాన్లు హోటల్లనే ఇడిసిపెట్టి ఉరికిన. హెడ్ మేడం రూంల ఒక లేడీ కానిస్టేబుల్, మెడల కార్డు ఏసుకున్న ఒకాయన కూసోని ఉన్నరు. ఆయన పేరు డానియేలు, పిల్లల రక్షణ ఆఫీసుల పని చేస్తడు. నా బిడ్డ ఏదని అడిగిన. టీచరమ్మ దవాఖానకు తీస్కపోయింది, పానానికేం భయంలేదు, ముందు నువ్వు కూసోమని అన్నడు.

పదిహేను ఆగస్టు డాన్సు కోసం ఆడపిల్లలకు బట్టలు మార్పిస్తున్నరట. స్వీటీ గోడకు ఆనుకొని, నేను మార్చుకోనని నిలబడ్డదట. టీచరమ్మ బుజ్జగించి పక్కకు తీస్కపోయి చూసింది. చూసి పిల్లను ఏం అడగలేదట, ఊకె దగ్గరికి తీస్కొని పిల్లల సాయం నంబరు 1098కి ఫోన్ చేసిందట.

దవాఖానల డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. మనిషి బొమ్మ అచ్చేసిన కాయితం మీద ఎర్ర పెన్నుతోటి గీతలు గీసి చూపెట్టింది. నడుము కిందికెల్లి తొడల ఎనక దాంక. కొన్ని మానినయి, కొన్ని పచ్చిగనే ఉన్నయి, ఇవి పడితె అయ్యేటివి గావు, కాల్చిన ఇనుముతోటి పెట్టినయి అని చెప్పింది. అక్కా, కొట్టంల పుట్టి పెరిగినోళ్లం. వాతలంటె ఏందో మనకు ఒకలు చెప్పాల్నా. కాలు పట్టేసిన బర్రెకు బాపు ఇనుము కాల్చి పెడ్తుంటె తాడు పట్టుకున్నోళ్లం. బర్రె ఎంత గట్టిగ అరిచేదో ఎరికె. గవే వాతలు నా రెండో తరగతి బిడ్డకు. ఆ కాయితం మీద బొమ్మకు మొకం లేదు, అయినా నాకు స్వీటీ మొకమే కనవడ్డది.

ఎవలు పెట్టిర్రు అని నేను డాక్టరమ్మను అడిగిన. ఆమె నా దిక్కు చూసిన చూపు ఇప్పటికి మర్వలేదు. అది మేం నిన్ను అడగాలె అన్నది.

అప్పుడు గాని నాకు సమజ్ గాలె, అందరు నేనే చేసిననుకుంటున్నరని.

ఠాణాల కూసోపెట్టి అడిగిర్రు. తాగుతవా, పెండ్లాం గీతాంజలి పోయినంక ఇంకెవలన్న ఇంటికి వస్తున్నరా, పిల్ల ఎవల పక్కల పండుకుంటది అని. కొట్టలేదక్కా, అబద్ధమెందుకు, మర్యాదగనే అడిగిర్రు. గాని ఆ మాటలు చెవుల పడ్తుంటె బట్టలిప్పి బజార్ల నిలవెట్టినట్టయింది. ఇంటికొచ్చేసరికి బస్తీ మొత్తానికి తెల్సిపోయింది. రోజు నా కాడ పాలు తీస్కునే ఆమె గిన్నె ఎనకకు దాసుకొని లోపలికి పోయింది.

అమ్మ గడపల కూసోని ఏడుస్తుంది. తల్లి లేని పిల్లను గిట్ల ఎత్కపోతరా, కార్పొరేటర్ కాడికి పోదాం పా అన్నది. అన్నం ముట్టలె. రాత్రి సలి పెడ్తదని స్వీటీ స్వెట్టరు, దాని ఇష్టమైన గౌను సంచిల సర్ది పెట్టింది. ఎవలు చేసి ఉంటరమ్మా అంటె, బడోళ్లే చేసి మన మీద పెడ్తున్నరు అన్నది. నేను నమ్మిన.

తెల్లారి నన్ను కమిటీ ముందల పెట్టిర్రు, అమ్మ గూడ నా ఎంబడి వచ్చింది. బస్తీల పిల్లల కోర్టు అంటరు గాని దాని పేరు బాలల సంక్షేమ కమిటీ. నేను నల్లకోట్లు, బోను ఉంటయనుకొని పోయిన. ఏం లేవు. ఒక పెద్ద బల్ల, కుర్చీలు, గోడ మీద ఏనుగు బొమ్మ. నడుమ కూసున్న మేడం మన గీతాంజలి వాళ్లమ్మ వయసుది. నేను పోంగనే లొల్లి పెట్టిన. నా బిడ్డను నాకియ్యుండ్రి, నేను కన్నతండ్రిని, మీరెవలు అని అరిచిన. మేడం నేను ఆగేదాంక ఆగింది. ఎల్లేష్, ఇది నీకు శిక్ష గాదు, పాప ఎవలింట్ల భయం లేకుండ పండుకుంటదో మాకు తెల్సేదాంక పాప మా కాడుంటది, నువ్వు మంచోనివైతె గా సంగతి గూడ మేమే రాస్తం అన్నది.

అప్పుడే స్వీటీని తీస్కొచ్చిర్రు. తలుపు కాడ నిలబడ్డది. నేను చేతులు చాపి దగ్గరికి పోయిన. అది కానిస్టేబులమ్మ ఎనకకు దాక్కున్నది. నన్ను చూసి నా బిడ్డ దాక్కున్నదక్కా. బల్ల కాడ కూసున్నోళ్లందరు నన్నే చూసిర్రు. చాపిన చేతులు ఎనకకు తీస్కున్న.

స్వీటీని సైదాబాద్ దిక్కు ఒక ఆడపిల్లల హోంకు పంపిర్రు. శనివారం శనివారం పోయి చూడొచ్చు, గాని పక్కన ఒక మేడం ఉంటది, అమ్మ మాత్రం ఇప్పుడే రావద్దు అన్నరు. అమ్మను ఎందుకు వద్దన్నరో నాకు సమజ్ గాలె. ముసలామె, పెంచినామె, ఆమెను ఆపుడేంది అని డానియేలుతోని తగువు పెట్టుకున్న.

డానియేలు ఇంటికి గూడ వచ్చిండు. పిల్ల పండుకునే జాగ చూసిండు, పక్కింటోళ్లతోని మాట్లాడిండు. కొట్టం కాడ నిలబడి బర్రెల గురించి అడిగిండు, అవి అడుక్కుంటనే మధ్యల, పాపకు తానం ఎవలు పోస్తరు అని అడిగిండు. అమ్మ పోస్తది అన్న. బట్టలెవలు పిండుతరు అన్నడు. అమ్మనే అన్న. మరి ఆ పచ్చి మచ్చలు అమ్మకు కనవడలేదా అని ఆయన అడగలేదు. తాడు మీద ఆరేసిన స్వీటీ గౌను దిక్కు చూసిండు. నాకు ఒళ్లు మండింది. మా అమ్మ ఊసెత్తకు అని ఎల్లగొట్టినంత పని చేసిన.

మొదటి శనివారం పోయినప్పుడు స్వీటీ దూరంగనే కూసున్నది. నేను తెచ్చిన ఉస్మానియా బిస్కెట్లు మాత్రం తిన్నది. ఏం మాట్లాడాల్నో తెల్వక, ఇక్కడ మంచిగున్నదా అని అడిగిన. మంచిగుంది అన్నది. ఇంకా చెప్పబోయి తలుపు దిక్కు చూసింది. నానమ్మ వచ్చిందా అని అడిగింది. రాలేదు అన్న. అప్పుడు నా చెవి కాడికి వచ్చి, బాపూ, ఇక్కడ పక్క తడిసినా ఏమనరు, ఆయమ్మ దుప్పటి మార్చి మల్ల పండుకోమంటది అన్నది.

నాకు నా బిడ్డ పక్క తడుపుతదనే తెల్వదు. పాలు పిండటానికి చీకట్లనే లేస్త. నేను ఇంటికొచ్చేసరికి దానికి తానం పోసి, జడలేసి, బడికి పంపి ఉంటది అమ్మ. గీతాంజలి పోయిన సంది గిదే నడుస్తుంది. పక్కన కూసున్న మేడం తలెత్తి చూసింది. నేను లేసి బయట వరండాల నిలబడ్డ. రోడ్డు మీద బస్సులు పోతున్నయి. ఆ మాటకు, ఎర్ర పెన్ను గీతలకు నడుమ ఏముందో నాకు తెల్సిపోయింది. తెల్సినా తెల్వనట్టే ఉండాలని మస్తు కొట్లాడిన నాతోని నేను.

తర్వాత కమిటీ కూసున్ననాడు అమ్మను గూడ రమ్మన్నరు. అమ్మ బయట బెంచీ మీద కూసున్నది. లోపల మేడం నాకు నీళ్లిప్పిచ్చి, కౌన్సెలింగ్ చేసే ఆమెకు పాప నోరు తెరిచింది అని చెప్పింది. పక్క తడిపిననాడల్లా నానమ్మ పొయ్యి మీద అట్లకాడ కాలుస్తదని, అరిస్తె ఇంకోటి పెడ్తదని, బాపుకు చెప్తె బాపు గూడ దాని అమ్మ లెక్కనే సచ్చిపోతడని చెప్పిందట. ఆనాడు తలుపు కాడ దాక్కున్నది నన్ను చూసి గాదు. నా ఎనక అమ్మ నిలబడ్డది.

అక్కా, నేను ఏడ్వలె. నాకు ఏడుపు గూడ రాలె. కార్పొరేటర్ కాడికి పోదాం అన్నది, స్వెట్టరు సర్దింది, అన్నం ముట్టలె. అవి గూడ నిజమే. ఇది గూడ నిజమే. రెండు ఒక్క మనిషిల ఎట్ల ఉంటయో నాకు ఇప్పటికి సమజ్ గాలె.

అమ్మను లోపలికి పిలిచి అడిగిర్రు. కాదంటదనుకున్న. ఒప్పుకున్నది. పోలీసులు కేసు రాసుకున్నరు. పెద్ద వయసని అరెస్టు చేయలె, నోటీసిచ్చిర్రు, పిలిచిననాడు రావాలె, స్వీటీ ఉన్న దిక్కు రావద్దు అన్నరు. ఇంటికొచ్చి అట్లకాడను బట్టల సుట్టి, సీలేసి తీస్కపోయిర్రు. మనం అట్లు తిన్నది దాంతోనే కదక్కా.

వాళ్లు పోయినంక అమ్మ పొయ్యి అంటుపెట్టింది. పిల్ల ఎప్పుడొస్తదిరా, దానికి ఇష్టమని పాయసం చేద్దామనుకున్న అన్నది. నేను ఆమె చీరలు సంచిల పెట్టిన. సెంద్రి మామకు ఫోన్ చేసిన, ఆయనొచ్చి అమ్మను వాళ్లింటికి తీస్కపోయిండు. పోయేటప్పుడు, పిల్లను మంచిగ చేద్దామనే కదరా చేసిన అన్నది. ఆమె మీద కోపం రావాలె, వస్తలేదు. భయమైతుంది. ఆ పొయ్యి దిక్కు చూడాలంటె భయమైతుంది.

ఇగ నిన్ను అడగాల్సింది రాస్త. నా మీద తప్పు లేదని కమిటీ రాసింది. గాని పిల్లను ఇప్పుడే నాకియ్యరు. చీకట్ల నేను కొట్టానికి పోతె పిల్ల ఇంట్ల ఒక్కతే ఉంటది, గట్లయితె మేం ఒప్పుకోం అన్నరు. నీ తరపున నమ్మకమైన ఆడమనిషి ఎవలన్న ఉన్నరా అని మేడం అడిగింది. నీ పేరు చెప్పిన. ఇంకో పేరు నోటికి రాలె. సెప్టెంబర్ నాలుగో తారీకు మల్ల కూసుంటరు, నువ్వు, బావ ఆధార్ కార్డులు పట్టుకొని రావాలె. మీ ఇల్లు చూసుడానికి అక్కడి ఆఫీసోళ్లు వస్తరు, వాళ్లు అడిగినదానికి ఫికర్ చేయకుండ్రి, డానియేలు లెక్క మంచిగనే అడుగుతరు. అన్నీ కుదిరితె కొన్ని నెలలు స్వీటీ మీ కాడ ఉంటది, అక్కడనే బడికి పోతది. నేను ఆదివారం ఆదివారం వస్త. ఈ లోపట పొద్దటి పాలు అమ్ముకునే పని ఇంకెవలికన్న అప్పజెప్పి, పిల్ల లేసే యాళ్లకు ఇంట్ల ఉండేటట్టు చేసుకుంట.

బావతోని మాట్లాడి చెప్పు. కాదన్నా నేనేమనుకోను.

ఇట్లు,
నీ తమ్ముడు
ఎల్లేష్

తా.క.: సంతకం పెట్టి కవరు అంటిపెట్టబోయి మల్ల తీసిన. అమ్మ కమిటీ ముందల ఏమన్నదో పైన రాయలె. నీ ఇంటికి బిడ్డను పంపుత అని అడిగినంక నువ్వది ఎరగాలె. పసిపిల్లకు గిట్ల ఎందుకు చేసినవమ్మా అని మేడం అడిగింది. అమ్మ ఏడ్వలె, కోపం గాలె. కూర ఎట్ల వండుతరో చెప్పినట్టు చెప్పింది. పక్క తడిపేటోళ్లకు గిదే మందు, నా పెద్దబిడ్డ స్వరూపకు గిట్లనే పెట్టిన, కొద్దిరోజులకే మానింది, కావాల్నంటె దాన్నే అడుగుండ్రి అన్నది.

నీ పిక్కల మీది మచ్చలు కోవా కడాయి ఒలికి అయినయని నాకు చెప్పిర్రు. నీ పెండ్లప్పుడు బావోళ్లకు గూడ గట్లనే చెప్పిర్రు. నువ్వు గూడ గట్లనే చెప్పేదానివి.

మేడం అప్పుడు నా దిక్కు చూసింది. నాలుగో తారీకు నిన్ను అడుగుతరేమో. చెప్తవో చెప్పవో నీ ఇష్టం. నేనైతె అడగను.

నిన్న శనివారం, స్వరూపత్త కాడికి పోతవా అని స్వీటీని అడిగిన. చానసేపు బొమ్మ జడ ఇప్పుకుంట కూసున్నది. అత్త మంచిగ చూస్తదా అని అడిగింది. చూస్తది బిడ్డా, అత్తకు ఎరికె అని చెప్పిన. ఏం ఎరికె అని అది అడగలె.