చెక్కించిన ఫ్లైవీల్

1947, శనివారం రాత్రి

పోటీ బస్సును దాటాలన్న పంతంతో నేనే నా బస్సు ఇంజన్లో తిరిగే బరువైన చక్రాన్ని, ఫ్లైవీల్‌ని, లేత్ మీద చెక్కించి తేలిక చేశాను. "అంత బరువు తీసేస్తే ఇంజను స్లోలో నిలవదన్నా" అని మెకానిక్ మస్తాన్ మొత్తుకున్నా వినలేదు. ఇప్పుడు యాక్సిలరేటర్ తొక్కగానే బండి గబుక్కున అందుకుంటోంది, కాలు తీస్తే మాత్రం వణికి ఆగిపోతోంది. ఆగిన ప్రతిసారీ దిగి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయలేక, స్టాపుల్లో కూడా తొక్కిపెట్టే ఉంచుతున్నాను.

ఆ మోత వింటే ఎవరికైనా బస్సు కదిలిపోతున్నట్టే ఉంటుంది. ఇవాళ గురజాలలో వెంకమ్మత్త మిరపకాయల బుట్టతో పరిగెత్తుకొచ్చి బస్సు ముందే బోర్లా పడింది. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి. బస్సింకా సగం కూడా నిండలేదు.

"ఎందుకత్తా అంత కంగారు? నీకోసం ఆగనా?" అన్నాను, లేవదీస్తూ.

"ఇన్నేళ్లూ నీ బండి చప్పుడు వినే కదరా ఇంట్లోంచి బయల్దేరేది! ఇప్పుడేంది, ఎప్పుడు చూసినా పోతున్నట్టే అరుస్తుంది?"

రాత్రి షెడ్డుకి రాగానే మస్తాన్‌ని అడిగాను. బరువైన చక్రం ఎక్కడన్నా దొరికేదాకా ఇంతేనని మస్తాన్ తేల్చేశాడు. పొద్దున్నే మళ్లీ గురజాల ట్రిప్పు ఉంది. అక్కడ కాలు తీస్తే బండి ఆగిపోతుంది. తీయకపోతే ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు.