నాయనమ్మ సంతకం

బాబాయి గది,
మార్చి 19, బుధవారం

నాన్నగారికి,

నమస్కారాలు. నా ఒంట్లో బాగానే ఉంది. అక్కడ మీరూ, అమ్మా, నాయనమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో మీరు మాట్లాడతారు, నేను ఊఁ కొడతాను. పెట్టేశాక చెప్పాల్సినవన్నీ గుర్తొస్తాయి. అందుకే ఈ ఉత్తరం. కొరియర్‌లో నాలుగు రోజులకు అందుతుందట. ఇందులో నాయనమ్మ సంతకం పెట్టాల్సిన ఫారం పెడుతున్నాను. ఇది రెండోది. మొదటిదాన్ని ఏం చేశారో ఎన్నిసార్లు అడిగినా మీరు చెప్పలేదు.

బాబాయి పోయి పంతొమ్మిది రోజులైంది. ఇంకా ఆసుపత్రి మార్చురీలోనే ఉన్నాడు. ముప్పై రోజులు దాటితే ఎవరూ లేనివాళ్ల కింద జమకట్టి వాళ్లే ఎక్కడో పూడ్చేస్తారు. అప్పుడు మనకు మిగిలేది ఒక నంబరు.

బాబాయిని మన ఊరికి పంపే అనుమతి కోసం ఇవాళ ఆ ఆఫీసుకు ఆరోసారి వెళ్లాను. నా వంతు వచ్చేసరికి ఒకాయన మధ్యలో దూరాడు. కాన్వెంటులో పన్నెండేళ్లు వరసలో నిలబడటం నేర్పారు గానీ, వరస తప్పినవాళ్లను ఏమనాలో నేర్పలేదు. కిటికీ అవతలి గుమస్తా నన్ను చూసి, మళ్లీ ఖాళీ చేతులతోనే వచ్చావా అమ్మాయ్ అన్నాడు. పెళ్లికానివాడు కాబట్టి తల్లి సంతకమే కావాలి, అదీ నోటరీ ముందు. అన్నయ్య పెడితే చాలదా అని అడిగాను. తల్లి పోయిందా అన్నాడు. లేదన్నాను. అయితే చాలదు అన్నాడు. అన్నకూతురిగా నా సంతకం సంగతి ఎత్తేలోపే తరువాతి టోకెన్ పిలిచాడు.

మీరేమో నాయనమ్మకు చెప్పొద్దు, తట్టుకోలేదు అంటారు. పెన్షన్ కాగితమని చెప్పి సంతకం చేయిస్తానన్నారు. ఫారం నెత్తినే బాబాయి పేరు, పోయిన తేదీ అంత లావు అక్షరాల్లో ఉన్నాయి. నాయనమ్మ పేపర్లో టెండరు ప్రకటనలు కూడా వదలకుండా చదివే మనిషి. కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్తారా? పోనీ సంతకం దొరికిందే అనుకుందాం. రేపు పెట్టె ఇంటి ముందు దిగాక ఏమని చెబుతారు, కొత్త బీరువా కొన్నామనా?

నేను ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లానని చెప్పారు. బాబాయి ఫోను పోయిందని చెప్పారు. పది రోజుల క్రితం ఆయన పేరుతో నా చేత ఉత్తరం కూడా రాయించి, దాని ఫొటో ఆవిడకు చూపించారు. చేతికి దెబ్బ తగిలింది, తోటి మెకానిక్‌తో రాయిస్తున్నాను, నీ ఆరోగ్యం జాగ్రత్త అని. అక్షరాలు కావాలని వంకర తిప్పాను. ఇంకోటి రాయమన్నారు నిన్న. నేను రాయను.

ఇంటావిడ నెలాఖరుకు గది ఖాళీ చేయాలంటోంది. మంచం కింద నాలుగు పెట్టెల నిండా లిఫ్టుల బటన్లు, స్ప్రింగులు. వాటిని కంపెనీకి ఇచ్చి వచ్చాను. బాబాయి బాగుచేసిన లిఫ్టులో ముందు తనొక్కడే పదిసార్లు ఎక్కి దిగి, ఆ తరువాతే జనాన్ని ఎక్కనిచ్చేవాడట. అక్కడి మేస్త్రీ చెప్పాడు. కళ్లజోడు మాత్రం ఇంకా కిటికీ గట్టు మీదే ఉంది, ఒక కాడకు దారం చుట్టి. ఆయనకు ఏమేం తొడగాలో రాసివ్వమని మార్చురీవాళ్లు చీటీ ఇచ్చారు. చొక్కా, ప్యాంటు రాశాను. కళ్లజోడు రాయాలో వద్దో తెలియలేదు.

ఇంకా పదకొండు రోజులే. అందులో నాలుగు ఈ కవరు రావడానికి, నాలుగు ఆ ఫారం తిరిగి రావడానికి. దయచేసి ఆవిడ పక్కన కూర్చుని చెప్పండి.

మీ అమ్మాయి

తా.క. కవరు అంటించబోతుంటే గుమస్తా ఫోన్ చేశాడు. వెళ్లి వచ్చి ఇది రాస్తున్నాను. మొదటి ఫారం ఈ ఉదయం టపాలో వచ్చింది. నాయనమ్మ సంతకం, నోటరీ ముద్ర, పదమూడో తేదీ. దాంతోపాటు నాయనమ్మ నాకు రాసిన చీటీ ఒకటి ఉంది. గుమస్తాకు మన భాష రాదు కదా, చదివి చెప్పమన్నాడు. మడిచి నా సంచిలో పెట్టుకున్నాను.

ఉత్తరం చూసిన రోజే తెలిసిపోయిందట. లిఫ్టులు బిగించేవాడు మార్జిన్ గీసుకుని రాస్తాడటే పిచ్చిదానా అని రాసింది. అదీగాక చిన్నవాడు జన్మలో ఎన్నడూ నా ఆరోగ్యం అడగలేదు, ఏం కూర అనే అడిగేవాడు అంది. బీరువా అరల్లో పేపర్లు మారుస్తుంటే మీరు దాచిన ఫారం దొరికిందట. అర్థంకాని చోట్ల పక్కింటి టీచరమ్మ చేత చదివించుకుని, ఆవిడనే తోడు తీసుకుని వెళ్లి సంతకం పెట్టి వచ్చిందట. ఈ సంగతి పెద్దవాడికి చెప్పకు, వాడు బాత్రూములో కుళాయి విప్పుకుని ఏడుస్తున్నాడు, నాకు వినపడదనుకుంటున్నాడు, అలాగే అనుకోనీ అని రాసింది. చిన్నవాడికి కళ్లజోడు పెట్టి పంపు, అది లేకపోతే వాడు ఎదుటి మనిషిని పోల్చుకోలేడు అంది.

మార్చురీవాళ్ల చీటీలో కళ్లజోడు రాసేశాను. వచ్చే గురువారం విమానంలో బాబాయితో వస్తున్నాను. రెండో ఫారం కవరులోంచి తీసేశాను.

చెప్పొద్దని తెలిసీ మీకు చెబుతున్నాను. కుళాయి కట్టేసి ఆవిడ దగ్గరికి వెళ్లండి, నాన్నా.