చీటీ కట్టిన గొడ్డలి

నకరికల్లు, 3-4-1962

చిరంజీవి దానియేలును దీవించి నాయనమ్మ దయామణి వ్రాయునది.

ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం కులాసా. మిలిటరీ గుమాస్తా పని వదిలి డార్జిలింగులో కొండల మ్యూజియంలో చేరానన్నావు. కొండలను గదిలో ఎలా పెడతారు? నీకు అనుకుంటున్న క్రోసూరు ప్రభావతి తండ్రి పున్నయ్య నిన్న వచ్చి, "పిల్లోడు ఏం జేత్తన్నాడమ్మా?" అని అడిగాడు. నాకే తెలియనిది ఆయనకేం చెప్పను? అక్కడ ఏమేమున్నాయో రాయి. తెలిశాకే సంబంధానికి మాట ఇస్తాను.

నీ మేలు కోరే
నాయనమ్మ

తా.క. కవరు మీద తపాలా ముద్ర అలికినట్టుంది. కావాలని అలికావా?

డార్జిలింగు, 14-4-1962

పూజ్యురాలైన నాయనమ్మకు నమస్కారాలు.

మంచుకొండలు ఎక్కినవారి సామాను ఇక్కడ దాస్తారు. తెగిన తాళ్ళు, చిరిగిన కోట్లు, ఒంటి బూటు, గొడ్డళ్ళు. ప్రతిదానికీ చీటీ కట్టి, ఎవరిది, ఎక్కడ దొరికింది, మనిషి బతికాడా పోయాడా అని రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తాం. కాపలా నాది.

మీ మనవడు
దానియేలు

తా.క. ఒక గొడ్డలి తుప్పు పట్టింది. తుడవబోతే ఆఫీసరు గారు కేకలేశారు. దొరికింది దొరికినట్టే ఉండాలట.

నకరికల్లు, 26-4-1962

దానియేలుకు,

క్షేమసమాచారాలు తరువాత. తాడు, గొడ్డలి, ఒంటి బూటు, చీటీ! మీ యల్లమంద మామ కేసులో సాక్ష్యానికి వెళ్ళినప్పుడు గురజాల కోర్టు బల్లమీద అచ్చం ఇవే చూశాను. అక్కడా గొడ్డలిని తుడవనివ్వలేదు. బడిపిల్లలను నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్ళినదాన్ని నేను. అందులో ఒంటి బూటు లేదు. ఎవరిని ఏం చేశావు? ఏమీ చేయకపోతే ఆ మ్యూజియంలో ఫొటో దిగి పంపు.

నిద్రపట్టని
నాయనమ్మ

తా.క. ఫొటోలో చేతులు రెండూ విడివిడిగా కనపడాలి.

డార్జిలింగు, 9-5-1962

నాయనమ్మకు,

ఫొటో జతచేశాను. ముసుగు, నల్లకళ్ళద్దాలు, నడుముకు తాడు ఉన్నది కొండలెక్కే మనిషి బొమ్మ. టోపీ పెట్టుకుని తాడు కొస పట్టుకున్నది మా ఆఫీసరు గారు. మీరు అనవసరంగా అనుమానపడుతున్నారు.

విధేయుడు
దానియేలు

తా.క. నా చేతులు కనపడవు. అవి కెమెరా పట్టుకుని ఉన్నాయి.

నకరికల్లు, 12-6-1962

నాయనా దానియేలూ,

టోపీవాడు నడుముకు తాడు కట్టి ఎవరిని నడిపిస్తాడో పల్నాడులో చంటిపిల్లలకూ తెలుసు. అందుకే యల్లమందకు పొలం కాగితాలిచ్చి, మాటసాయానికి ఉర్దూ వచ్చిన అబ్దుల్ గఫార్‌ను తోడిచ్చి, నీకు జామీను కోసం పంపాను. నిన్న తిరిగొచ్చారు.

"అత్తా, ఆడ జైలూ లేదు, పోలీసులూ లేరు. బొమ్మ కూడా లేదు. ఫొటోలో ముసుగోడు మనోడే! మంచుకొండలెక్కే జట్టులో చేరాడంట. మేం పోయేసరికి కొండమీదున్నాడు" అన్నాడు యల్లమంద.

జైలైతే విడిపించుకునేదాన్ని. కొండ దగ్గర పొలం కాగితాలు చెల్లవు. మానమంటే మానవు గనుక ఒకటే చెబుతున్నాను. తాడు ముడి నువ్వే వేసుకో. ఇంకొకరు వేసింది నమ్మకు. దిగిన రోజే ఉత్తరం రాయి.

ఎదురుచూసే
నాయనమ్మ

తా.క. పున్నయ్య మళ్ళీ వచ్చాడు. నేను అబద్ధమాడను గనుక, "నడుముకు తాడుతో ఉన్నాడు" అని ఊరుకున్నాను. "ఓస్, కేసేనా! మా అన్న మీద రెండుండయ్యిలే అమ్మా" అని ప్రధానం ఎప్పుడు పెట్టుకుందామన్నాడు. ఊరికే కొండలెక్కుతాడంటే పిల్లనిచ్చేవాడు కాదు. నువ్వు నోరు జారకు.