చెమట తెలిసిన చొక్కా

పొందూరు, మంగళవారం రాత్రి

చెమట పడితే తనంతట తానే రంధ్రాలు తెరుచుకునే చొక్కా అట. ఆ బట్ట మా మగ్గం మీద నేయించడానికి దాన్ని తొడుక్కొచ్చిన కంపెనీ ఇంజనీరు, బట్టకి బుర్ర పెట్టామని ఒకటే కోతలు. పెట్టింది బట్టకే, వాడికి కాదు.

మా ఊరి పద్ధతిలో చేప దవడ పళ్లతో పత్తి దువ్వుతున్న మా అత్త, "సెమట పడితే ఒంటికే తెలుస్తాది కద బాబూ, మల్లీ సొక్కా సెప్పాలేటి?" అంది. వాడు నవ్వాడు.

పావుగంటలో చొక్కా బ్యాటరీలో ఛార్జింగ్ అయిపోయి రంధ్రాలన్నీ మూసుకున్నాయి. తడిసి ముద్దయి, దండెం మీదున్న మా ఖద్దరు తుండు అడిగి మెడ తుడుచుకున్నాడు.

అంతా చూసి కూడా మా ఆయన, "కాలం మారతన్నాదే, మనమూ మారాల" అంటూ రేపటి నుంచి మా మగ్గం మీద వాళ్ల కరెంటు పారే తీగ నూలు నేయడానికి ఒప్పుకున్నాడు.

ఆ తుండు నేసింది ఆయనే.