డైసీకి పెట్టిన పథ్యం

అక్టోబర్ 6

కుక్కని తెచ్చి నా గదిలో పడుకోబెట్టారు. కింద ఉన్న పడకగది ఇదొక్కటే, అది మెట్లు ఎక్కకూడదట. నన్నెవరూ అడగలేదు.

"గర్భసంచి తీసేశారు నాన్నా. పది రోజులు జాగ్రత్తగా చూసుకోవాలి," అంది శిరీష, కారు తాళాలు వెతుక్కుంటూ. రేపట్నుంచి తనకి డబ్లిన్‌లో ఆఫీసు, అల్లుడికి క్లాండాల్కిన్‌లో ఆఫీసు, మేఘకి స్కూలు. మిగిలేది నేనూ, కడుపు కోయించుకున్న ఈ డైసీ.

పైకి వెళ్తూ మేఘ — "షీ ఈజ్ గ్రాండ్, తాతా." మూలుగుతున్న కుక్క గ్రాండట, అంటే బాగానే ఉందట. ఈ దేశంలో వానకి తడిసినా గ్రాండే, కాలు విరిగినా గ్రాండే.

అక్టోబర్ 7

మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటు. కుట్లు నాక్కోకుండా. అది తలుపుకి కొట్టుకుంటుంది, మంచం కోడుకి కొట్టుకుంటుంది. సినిమా రిక్షాకి కట్టిన మైకులా ఉంది. ఆ రిక్షా వెనక పరిగెత్తి రంగు కాగితాలు ఏరుకునేవాళ్లం... ఆకుపచ్చ కాగితం దొరికితే ఆ రోజు నేను రాజుని.

మైకు అంటే శేషగిరి. అది లేనిదే నోరు విప్పేవాడు కాదు. ఆత్మకథ అచ్చేశాడు, వాట్సాప్‌లో ఎవరో పంపారు. ఒకే స్టాఫ్ రూములో ఎదురెదురుగా కూర్చుని పాతికేళ్లు పాఠాలు చెప్పాం. అందులో నాకు దక్కింది ఒక్క వాక్యం — నా వ్యాసాలకన్నా మా ఇంటి కాఫీ నయమని. జవాబు మొదలుపెట్టాను. మొదటి పేజీ బాగా వచ్చింది. విషం సరిపడా పడింది.

కుక్క ఏమీ తినలేదు.

అక్టోబర్ 8

ఇవాళా తినలేదు. ఉడికించిన చికెన్ ముక్క మూతి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంది. శిరీష ట్రైన్‌లోంచి ఫోను — "మెత్తగా అన్నం పెట్టొచ్చంది డాక్టరు. ట్రై చెయ్యి నాన్నా."

అన్నం. అదైతే నాకు తెలుసు.

మా ఆవిడ రాజ్యానికీ ఇదే ఆపరేషన్ జరిగింది, గుడివాడలో. అత్తగారు స్టీలు డబ్బాతో, నేతి గిన్నెతో దిగారు. దిగుతూనే ఇల్లు స్వాధీనం చేసుకున్నారు. పప్పు వద్దు, చీము పడుతుంది. వంకాయ వద్దు, దురద. చెవుల్లో దూది, తలకి గుడ్డ. పూటకి రెండు వెల్లుల్లి ముద్దలు, కుట్లు మానడానికి. గ్లాసుడు మంచినీళ్లు పట్టుకెళ్తే గుమ్మంలోనే అందుకుని — "మీరు వరండాలో కూర్చోండి అల్లుడుగారూ. ఇవి మగవాళ్లు చేసే పనులు కావు."

కూర్చున్నాను. లావుపాటి రష్యా నవలలు, ఒకదాని తర్వాత ఒకటి. ఒక్క పేజీ బుర్రకెక్కలేదు. లోపల్నుంచి నేతిలో వెల్లుల్లి వేగే వాసన. గోడకి అటునుంచి రాజ్యం — "ఏమండీ, ఉన్నారా?" ఇటునుంచి నేను — "ఉన్నాను." అంతే.

రాజ్యం పోయాక ఇల్లు పోయింది, పుస్తకాలు పోయాయి. ఆ వాసన మాత్రం పోలేదు.

అక్టోబర్ 9

తిన్నది!

నెయ్యి కనబడలేదు. మేఘని అడిగితే "ఇన్ ద ప్రెస్, తాతా" — అలమరని ప్రెస్ అంటారిక్కడ. నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు నేతిలో ఎర్రగా వేయించాను. మెదిపి, చిటికెడు శొంఠి, ఉప్పు, వేడన్నం. కారం వెయ్యలేదు, కుక్క కదా. గరాటు తీసి ముద్దలు పెట్టాను. గిన్నె నాకింది, నా వేళ్లూ నాకింది. సాయంత్రం మళ్లీ.

చూశారా అత్తగారూ. మగవాడు చేసిన పని.

అక్టోబర్ 10

రెండు పూటలా అదే ముద్ద. కుట్లు పొడిగా ఉన్నాయి, చీము లేదు. గొలుసు పట్టుకుని పెరట్లోనే తిప్పుతున్నాను. దానికి కాలవ గట్టు దాకా వెళ్లాలని... ఈ మెయ్‌నూత్ ఊళ్లో నాకూ నచ్చింది ఆ గట్టొక్కటే.

శేషగిరికి జవాబు కాఫీ దగ్గర ఆగిపోయింది. నిజంగానే మంచి కాఫీ. డికాషన్ దిగకపోతే రాజ్యం ఫిల్టరు నెత్తి మీద చెంచాతో టకటకా కొట్టేది. ఆ చప్పుడు వింటూనే శేషగిరి కుర్చీ ముందుకి లాక్కునేవాడు. వాడి ఆత్మకథలో కాఫీ ఉంది. రాజ్యం పేరు లేదు. నా వ్యాసాలని ఏమన్నా ఊరుకుంటాను, దీనికి ఊరుకోను.

అక్టోబర్ 11

శిరీషకి సెలవు. వంటింట్లోకి వచ్చి మూకుడు చూసింది, నన్ను చూసింది.

"ఏంటిది?" పథ్యం అన్నాను. "ఎవరికి?" గుమ్మంలో డైసీ తోకాడిస్తూ నిలబడే ఉంది.

"వెల్లుల్లి కుక్కలకి విషం నాన్నా! ఎప్పట్నుంచి పెడుతున్నావు?"

డాక్టరుకి ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టింది. ఎన్ని రెబ్బలు, ఎన్ని పూటలు — నేనే చెప్పాను, దాచలేదు. రక్తంలో ఎర్రకణాలు చితికిపోతాయట. వెంటనే తెలియదు, నాలుగైదు రోజులకి బయటపడుతుంది. చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ముదురు రంగులోకి మారినా ఆ క్షణమే తీసుకురమ్మంది. లేకపోతే మంగళవారం రక్తపరీక్ష.

చిన్నపిల్ల గొంతు. కోపమే లేదు. కోప్పడి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఇన్ని పుస్తకాలు చదివాను. అత్తగారి మాట తప్ప ఏదీ గుర్తు రాలేదు.

అక్టోబర్ 12

సాయంత్రం శిరీష టీ తెచ్చి నా మంచం అంచున కూర్చుంది.

"అమ్మకి పెట్టేవాళ్లని పెట్టావు కదూ."

ఊఁ అన్నాను.

"అమ్మ ఆ ముద్దలు తిననేలేదు నాన్నా. అమ్మమ్మ అటు తిరగ్గానే నా నోట్లో కుక్కేసేది. మింగవే తల్లీ, నాన్నకి చెప్పకు, పకపకా నవ్వుతారు, అమ్మమ్మ వినేస్తుంది — అనేది. ఇప్పటికీ వెల్లుల్లి వాసనొస్తే నాకు కడుపులో తిప్పుతుంది."

నవ్వాను. పకపకానే. ఎన్నాళ్లయిందో. శిరీషా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

అయితే రాజ్యాన్ని లేపి కూర్చోబెట్టింది ఆ ముద్దలు కావు. అత్తగారి మీద గెలిచాను.

గెలిచి ఏం చేసుకోను... "ఏమండీ, ఉన్నారా" అన్నప్పుడల్లా నొప్పికి పిలుస్తోందనుకున్నాను. పక్కన పిల్ల బుగ్గ నిండా అన్నం పెట్టుకుని ఉందేమో. నవ్వు ఆపుకుంటూ పిలిచిందేమో. గుమ్మం దాటి ఒక్కసారి తొంగి చూసి ఉంటే నేనూ చూసేవాణ్ణి. చూడనిచ్చిందా ఆ మహాతల్లి.

అక్టోబర్ 13

డైసీ పడుకునే ఉంది. ఎక్కువ పడుకుంటోందా? ఇదివరకు ఎంతసేపు పడుకునేదో ఎప్పుడు చూశాను కనక.

చిగుళ్లు ఎలా చూడాలో మేఘ నేర్పింది, పెదవి పైకెత్తి. ఈసారి గ్రాండ్ అనలేదు.

శేషగిరికి రాస్తున్న జవాబు కాగితాలు సొరుగులో.

అక్టోబర్ 14

రక్తం తీశారు. ముందరి కాలి మీద చిన్న చదరం గొరిగారు. డాక్టరు సూది అందుకుంటుంటే నేను తలుపు వైపు నడిచాను, ఎలాగూ బయట కూర్చోమంటుందని. అనలేదు. వచ్చి తల పట్టుకోమంది. రెండు చేతులతో పట్టుకున్నాను. సూది గుచ్చుతున్నంతసేపూ అది నా మొహంకేసే చూసింది.

ఫలితం రేపు ఫోన్‌లో చెప్తారు. ఆ ఫోన్ నేనే తీస్తానన్నాను. "వాళ్ల యాస నీకు అందదేమో నాన్నా" — అందకపోతే మళ్లీ చెప్పమంటాను.

ఇప్పుడు గరాటుతో సహా నా చెప్పుల మీదకి వచ్చి పడుకుంది. బయట వాన, బూడిద రంగు వెలుతురు. పెదవి ఎత్తి చూశాను. గులాబీ రంగే. లైటు వేస్తే తెల్లగా అనిపించింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూద్దామని వంగితే, విసుక్కుని మొహం తిప్పేసుకుంది.