పదకొండు రోజుల కంచం

కార్తిక్ 28, గురువారం

ఈ డైరీ హెల్త్ పోస్టులో ట్రైనింగ్‌కి ఇచ్చింది. ముందు సగంలో ఐరన్ మాత్రలు, బీపీ లెక్కలు. వెనక సగం ఇవాళ్టి నుంచి నాది. లీవు మొదలైంది. నాతో పనిచేసే నిర్మాయ దీదీ రిజిస్టర్ నా చేతిలోంచి లాక్కుని, ఇక ఇంటికి పోవే, కడుపు నీకంటే ముందు గుమ్మం దాటుతోంది అంది.

ఇంట్లో అత్తయ్య ఒక పుంజును మేపుతోంది. నాకు నెల తప్పిందని తెలిసిన రోజున కొన్న పిల్ల. బాలింతకి నాలుగో రోజున పులుసు పెట్టడానికి. దాని పేరు సుబేదార్. మామయ్య పటాలంలో హవల్దారుగానే రిటైరయ్యాడట, సుబేదార్ కాలేదని పోయేదాకా బెంగట. మనిషికి ఇవ్వని ప్రమోషన్ కోడికి ఇచ్చానులే అంటుంది అత్తయ్య. అది పొద్దున్నే నా కిటికీ కిందికొచ్చి కూస్తుంది. కూయరా కూయి, నీకు నెలన్నా లేదు అని నేనూ తిడుతుంటాను.

మా పుట్టింట్లో కోడి వాకిట్లోకి వస్తే నీళ్లు చల్లేవారు. పెళ్లయిన ఆరు నెలలకు నేనే అడిగి మరీ తిన్నాను. మా ఆయన ఖీమ్ ఆ రోజు నవ్విన నవ్వు ఇంకా గుర్తే.

మంసిర్ 5

పాదాలు బూరెల్లా ఉన్నాయి. అత్తయ్య ఆవనూనెలో మెంతులు మాడేదాకా కాచి రాసింది. చేతులు గరుకు. హాయిగా ఉంది.

మంసిర్ 9, సోమవారం

అమ్మాయి. 2.9 కిలోలు. నా బర్తింగ్ సెంటర్‌లో, నేను ఎంతమందికో పురుడు పోసిన ఆ మంచం మీదే. రక్తం కాస్త ఎక్కువే పోయింది. నిర్మాయ దీదీ మొహంలో రంగు మారడం చూశాను. నాకు అర్థమవుతుందని తెలిసి మొహం తిప్పుకుంది. ఇప్పుడు ఫరవాలేదు. రాయలేను.

మంసిర్ 10, సాయంత్రం

ఇంటికి వచ్చాం. ఖీమ్ జీపును ఎంత మెల్లగా నడిపాడంటే వెనకాల మేకల మంద మమ్మల్ని దాటిపోయింది.

అమ్మ ఫోన్ చేసింది. ఆవుకి గడ్డి కోసే నెపంతో కొండ మీదికి వెళ్లి, అక్కడ సిగ్నల్ దొరికే రాయి మీద కూర్చుని చేస్తుంది. నాన్నకి తెలియదు. నేను బ్రాహ్మల ఇంటి నుంచి మగర్ కులం వాళ్లింటికి కోడలిగా వెళ్లిపోయిన రోజు నుంచి ఆయన లెక్కలో నేను లేను. మూడేళ్లు. అమ్మ బిడ్డ సంగతి అడగలేదు, ముక్కు ఎవరిదని అడగలేదు. జాగ్రత్తే ఝరనా, పదకొండు రోజులు పురుడు, ఎవరినీ ముట్టుకోకు, పొయ్యి గదిలోకి పోకు, నీ కంచం ఎవరినీ తాకనివ్వకు, వాళ్లకి పాపం తగులుతుంది అంది. సరేనమ్మా అన్నాను.

నేను పుట్టినప్పుడు అమ్మ పదకొండు రోజులు పశువుల కొట్టంలో ఉంది. పుష్ నెల చలి. నానమ్మ కంచాన్ని కర్రతో తోసేదట. అమ్మ ఈ మాట ఎప్పుడూ బాధగా చెప్పలేదు. అందరూ అంతేగా అన్నట్టు చెప్పేది.

ఆరేళ్లుగా ఊరూరా తిరిగి బాలింతని వేరే కూర్చోబెట్టకండి అని కౌన్సెలింగ్ ఇచ్చేదాన్ని నేనే. అమ్మకు మాత్రం సరేనమ్మా అన్నాను.

మంసిర్ 11, బుధవారం

మధ్యాహ్నం వరండాలో ఎండకు కూర్చోబెట్టారు. అత్తయ్య వేడన్నం, మినప్పప్పు, నెయ్యి, వాము చారు తెచ్చింది. వాము చారు నల్లగా, ఘాటుగా, గొంతులో మంట పుట్టేలా ఉంది. నాలుగు ముద్దలు తిని ఆపాను. అత్తయ్య నా పక్కనే చాప మీద కూలబడింది. ఇది తిండా కోడలుపిల్లా, పిచ్చికకి వేసినట్టుంది, ఎలా తినాలో నేను చూపిస్తా చూడు అంటూ నా కంచంలో చెయ్యి పెట్టబోయింది.

నా చెయ్యి దానంతటదే కంచాన్ని లాగేసింది. వద్దు, తాకొద్దు అన్నాను. కొంచెం అన్నం చాప మీద పడింది.

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. చాప మీది మెతుకులు ఒక్కొక్కటే ఏరి సుబేదార్‌కి వేసి లోపలికి వెళ్లిపోయింది. పాపం, పెద్దావిడకి నా పురుడు తగలకుండా కాపాడాననుకున్నాను. కాస్త సిగ్గు కూడా వేసింది, హెల్త్ వర్కర్ని అయ్యుండి ఈ పట్టింపేమిటని. ఆ రెండు ఆలోచనలతోనే నిద్రపోయాను.

మంసిర్ 12

నాలుగో రోజు. పులుసు రాలేదు. సుబేదార్ కూశాడు.

మంసిర్ 13, శుక్రవారం

కంచం గుమ్మం దగ్గర పెట్టి, కోడలా, అన్నం, అని చెప్పి వెళ్లిపోతోంది అత్తయ్య. లోపలికి రాదు. నూనె గిన్నె కూడా గుమ్మం దగ్గరే. నేను బిడ్డను పడుకోబెట్టి, గోడ పట్టుకుని లేచి వెళ్లేసరికి నెయ్యి పేరుకుపోయి ఉంటుంది. తినబుద్ధి కాదు.

పాలు సరిగ్గా పడలేదు. నిర్మాయ దీదీ వచ్చి తూచింది. 2.65. మొదట్లో తగ్గుతుందిలే, ఊరికే లెక్కలేసుకోకు అంది. లెక్కలేసుకున్నాను.

మంసిర్ 14

కూశాడు. పేరేమో సుబేదార్, గొంతేమో జనరల్.

మంసిర్ 15, ఆదివారం

ఖీమ్ పొద్దున్నే జీపు తీసుకుపోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఇంట్లో మేం ముగ్గురం ఆడవాళ్లం. ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు మాట్లాడటం లేదు, ఒకరికి ఏమీ అర్థం కావడం లేదు.

అత్తయ్య మాట్లాడకుండా ఉండగలదని నాకు తెలియదు. కోడితో, పొయ్యితో, వర్షంతో కూడా మాట్లాడే మనిషి. నేను ఆడపిల్లను కన్నానని కోపమా? అలాంటిది కాదు. పుట్టిన రోజు ఆ పిల్లని గుండెకి హత్తుకుని, వచ్చావటే మా దొరసానీ అని ముద్దాడింది కదా. మరి నేనేం చేశాను?

వంటలో మాత్రం లోటు లేదు. వాము చారు పూటపూటకీ వస్తోంది. మెంతి ఉండలు వచ్చాయి. అన్నీ గుమ్మం దగ్గరికే.

మంసిర్ 16, సోమవారం

2.55.

నిర్మాయ దీదీ ఈసారి మాటలు కలపలేదు. రెండు గంటలకోసారి పట్టిస్తున్నావా, ఎన్ని బట్టలు తడుపుతోంది, నువ్వు ఏం తింటున్నావు అని నన్ను అందరినీ అడిగినట్టే అడిగింది. నేనూ అందరూ చెప్పినట్టే అబద్ధం చెప్పాను, బాగానే తింటున్నా అని. ఆవిడ గుమ్మం దగ్గరి కంచం చూసింది. సగం అన్నం అలాగే ఉంది. పేరు పెట్టే న్వారన్ రోజు, పంతొమ్మిదిన, మళ్లీ తూస్తా, పెరగకపోతే జిల్లా ఆస్పత్రికి వెళ్లాల్సిందే, ఈలోపు పిల్ల డీలా పడితే ఆ క్షణమే జీపెక్కు అంది.

ఇంకా మూడు రోజులు. బిడ్డ ఏడుపు సన్నబడింది. ఇదివరకు పక్కింటికి వినపడేది. నాకు భయంగా ఉంది. వందమంది తల్లులకి భయపడకమ్మా అని చెప్పిన నోటితో రాస్తున్నాను, నాకు చాలా భయంగా ఉంది.

మంసిర్ 17, మంగళవారం, ఉదయం 6

నిన్న రాత్రి ఖీమ్‌ని నిలదీశాను. మీ అమ్మకి నేనేం చేశానో చెబితే గానీ పొద్దున జీపు తాళం ఇవ్వనన్నాను. తెల్లవారుజామున చెప్పాడు. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

అత్తయ్య పన్నెండేళ్లప్పుడు పై ఊరి బ్రాహ్మల పొలంలో నాట్లకి వెళ్లింది. మధ్యాహ్నం అన్నం కుండ మూత గాలికి పడిపోతే తీసి పెట్టింది. మంచికే. మగర్ పిల్ల తాకిందని ఆ ఇంటావిడ కుండెడు అన్నం అందరి ముందూ గేదెకి పోసేసింది. ఆ రోజు ఆ పిల్ల పస్తుతోనే పనిచేసింది. అరవై ఏళ్లొచ్చినా ఆ గేదె తిన్న చప్పుడు చెవిలో ఉందంటుందట.

నేను కంచం లాగిన రోజు పొయ్యి దగ్గర కూర్చుని ఖీమ్‌తో అందట, మూడేళ్లు మన పిల్లే అనుకున్నానురా, ఎంతైనా బ్రాహ్మల పిల్ల, నోటితో ఏం చెప్పినా చెయ్యి నిజం చెబుతుంది అని.

నేను ఇంతసేపూ ఏడ్చాను. ఖీమ్ తాళం తీసుకోకుండానే బయట నిలబడ్డాడు, పిలిచి ఇచ్చాను.

నేను లాగింది ఆవిడ చెయ్యి తగులుతుందని కాదు. నేను ఆవిడకి తగులుతానని. ఇంత చిన్న సంగతి ఆరు రోజులు ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3

బిడ్డని షాల్‌లో కట్టుకుని పొయ్యి గదిలోకి వెళ్లాను. తొమ్మిదో రోజు. గడప దగ్గర కాలు ఆగిపోయింది. అమ్మ, నానమ్మ, వాళ్లమ్మ, అందరూ వెనక నుంచి కొంగు పట్టుకున్నట్టుంది. దాటాను.

అత్తయ్య వాము వేయిస్తోంది. తల ఎత్తి, నీకేమన్నా పిచ్చా, పచ్చి ఒళ్లుతో గోడలు పట్టుకుని ఇక్కడికెందుకొచ్చావు అంది. ఆరు రోజుల్లో ఆవిడ నాతో అన్న పెద్ద వాక్యం అదే. నేను పొయ్యి పక్కనే కూర్చున్నాను. కంచం కూడా తెచ్చుకున్నాను, పొద్దున తిని వదిలేసిన అన్నంతో.

చెప్పేశాను. అమ్మ ఫోను, పదకొండు రోజులు, పశువుల కొట్టం, కర్రతో తోసిన కంచం. ఆ రోజు అంటు మీదనుకోలేదు అత్తయ్యా, నాదనుకున్నాను, మీకు పాపమని లాగాను అన్నాను. సరిగ్గా చెప్పానో లేదో తెలియదు, ముక్కు కారుతోంది, బిడ్డ మొదలెట్టింది.

అత్తయ్య చాలాసేపు గరిటె తిప్పుతూనే ఉంది. వాము మాడింది. అప్పుడు మూకుడు దించి అడిగింది, అయితే మీ అమ్మ పదకొండు రోజులు ఆవుల మధ్య ఒక్కతే పడుందా అని. అవునన్నాను. మీ నాన్న కూడా రాలేదా? రాలేదు. పచ్చి బాలింతని చలిలో పడేస్తారటే, అదేం మడే అంది. మేమూ న్వారన్ రోజు నీళ్లు చల్లుకుంటాం గానీ మనిషిని వదిలేయం అంది. తర్వాత నా మీదికి తిరిగింది. చదువుకున్న మొద్దూ, ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవచ్చుగా, ఈ ఆరు రోజులూ నిన్ను తిట్టుకుంటూ వండాను, ఆ తిట్లన్నీ చారులో కలిసిపోయాయి, ఇక పాలెక్కడి నుంచి పడతాయి అంది.

కంచం ఆవిడ ముందుకు తోశాను. తినండి అన్నాను.

చూసింది. చల్లారిపోయిన అన్నం, నేను వేళ్లు పెట్టి కెలికింది. అత్తయ్య వేడివేడి చారు పోసి కలిపింది. ఒక ముద్ద తిన్నది. కంచం నా వైపు తిప్పింది. నేనొకటి తిన్నాను. ఆవిడొకటి. ఉప్పు తక్కువైందంది. మాడిన వాము చేదుగా ఉంది. కంచం ఖాళీ అయింది. మళ్లీ పెట్టింది.

ఆ తర్వాత బిడ్డని నా ఒళ్లో తనే సరిచేసింది. అలా వంగిపోయి పడితే దానికేం అందుతుంది, దిక్కుమాలిన పట్టూ నువ్వూ అని నా వెనక తన మోకాళ్లు ఆనించి కూర్చుంది. ఆ మాట నేను అందరికీ చెబుతాను, వెనక ఆనుకోవడానికి ఏదైనా పెట్టుకోండి అని. నాకు గోడ ఉంది గానీ ఆనుకోలేదు.

మంసిర్ 18

సుబేదార్ కూయలేదు.

లేచి కిటికీలోంచి చూశాను. వాకిట్లో రెండు ఈకలు. మధ్యాహ్నానికి పులుసు వచ్చింది, పసుపు, వాము, అల్లం, పైన నెయ్యి తేలుతూ. అత్తయ్య గిన్నె పట్టుకుని నా పక్కన కూర్చుని, ముందు తను ఊది ఒక గుక్క తాగి, వెధవ, ఏడు నెలల తిండి ఎక్కడికీ పోలేదు అంది. కళ్లు తుడుచుకుంది. పొగ అంది. పొగ లేదు.

సాయంత్రానికి రవికె తడిసింది.

మంసిర్ 19, గురువారం

న్వారన్. పొద్దున్నే ఇల్లు అలికారు, నీళ్లు చల్లారు, బిడ్డకి పసుపు దారం కట్టారు. పేరు ఖీమ్ పెట్టాడు. అత్తయ్య మాత్రం దొరసానీ అనే పిలుస్తోంది, అదే నిలుస్తుంది.

నిర్మాయ దీదీ తూచేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. 2.64. ఆవిడ రెండుసార్లు తూచింది. జిల్లా ఆస్పత్రి మాటెత్తకుండా అత్తయ్యను పులుసు అడిగింది. పులుసు వల్లో, కడుపునిండా తిన్నందువల్లో, బిడ్డని సరిగ్గా పట్టుకున్నందువల్లో, లేక వెనక ఆ మోకాళ్ల వల్లో నాకు తెలియదు. రిజిస్టర్‌లో ఏం రాస్తావని అడిగితే దీదీ, తల్లి ఆహారం మెరుగు, అని రాసుకుంది.

మంసిర్ 22, ఆదివారం

అమ్మ ఫోన్ చేసింది. గాలి హోరు. పదకొండు రోజులూ నియమంగా ఉన్నావా అంది. లేదమ్మా అన్నాను. అత్తయ్యా నేనూ ఒకే కంచంలో తిన్నామని చెప్పాను.

తిడుతుందనుకున్నాను.

ఆవిడ నిన్ను పట్టుకుని కూర్చుందా అని అడిగింది అమ్మ.

కూర్చుందమ్మా అన్నాను.

మళ్లీ అదే అడిగింది.